గోడకీ తలకీ మధ్య ఏడు సెంటీమీటర్లు

మొదలుపెట్టిన నాడు అతని చేతిలో ఉన్నది ఇంత: నలభై రెండేళ్ళ వయసు, పరుపుల దుకాణంలో సగం వాటా, మిగతా సగానికి ఒక తమ్ముడు, ఎలాంటి పరుపు మీదైనా వాలిన నిమిషంలో నిద్రపోయే భార్య, ఇంకా ఒక వెన్ను. ఆ వెన్ను సంగతి డాక్టరమ్మ టేపు పెట్టి మూడు అంకెల్లో తేల్చింది. మడమలూ వీపూ గోడకి ఆనించి నిలబడితే తల వెనక భాగానికీ గోడకీ మధ్య ఏడు సెంటీమీటర్లు. మోకాళ్ళు వంచకుండా ముందుకి వంగితే చేతివేళ్ళకీ నేలకీ మధ్య ముప్ఫై ఎనిమిది. గుండెల నిండా ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ పెరిగేది రెండున్నర. ఆరు నెలల కిందటి నిల్వ అది. ఇవాళ మళ్ళీ కొలుస్తారు. కొలిచాక, రేపటినుంచి అతను దుకాణం ముందు గదిలో నిలబడతాడా, వెనక వీధి గోడౌనులో కూర్చుంటాడా అన్నది తేలిపోతుంది.

తేలడానికి ముందు కూర్చోవాలి, అక్కడే వచ్చింది చిక్కు. చేతిలో తొమ్మిదో నంబరు చీటీ. లోపల నడుస్తున్నది ఐదు. డాక్టరమ్మ ఎవరినీ పావుగంటకి తక్కువ చూడదు, అంటే గంట ఖాయం. పొద్దున్నే లేచి, వీపు మీద వేడినీళ్ళు గుమ్మరించుకుని, కరాటే హాల్లో ముప్పావుగంట కాళ్ళూ చేతులూ ఆడించి, వెన్నుని పొగలు కక్కేంత వేడిగా తెచ్చాడు ఇక్కడికి. తెచ్చి ఈ సోఫాలో పెట్టాడు. సిమెంటు కలిపి గమేళాతో ఎత్తి తెచ్చినవాడితో మేస్త్రీ ఇంకా రాలేదు, కాస్త కూర్చోమన్నట్టుంది. కూర్చున్నకొద్దీ గట్టిపడుతుంది, అంతే. ఈ జబ్బు తమాషా అదే, నడిచేవాణ్ణి వదిలేసి కూర్చున్నవాణ్ణి పట్టుకుంటుంది. ఇక సోఫా సంగతి చెప్పనక్కర్లేదు. చెయ్యి వేస్తే మెత్తగా నవ్వి, బరువు పడగానే పాతాళానికి దిగిపోయే ఫోము. ఇరవై ఎనిమిది డెన్సిటీ అని చెప్పి పద్దెనిమిది అంటగట్టాడెవడో, గట్టివాడే, పిలిచి మా దుకాణంలో పెట్టుకోవచ్చు. నడుము గుంటలో ఉంది, మోకాళ్ళు గడ్డం దగ్గరికి వచ్చాయి. కీళ్ళ ఆసుపత్రికి ఇంత లోతు సోఫాలు కొన్న మహానుభావుడు ఇందులో దిగినవాడు మళ్ళీ పైకి రావాలన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు. ఎదురుగా చేతికర్ర పెద్దాయన, పక్కన అల్లిక సంచి ఆవిడ, ఆవిడకి అటువైపు టై కట్టుకున్నాయన, అందరూ అవే గుంటల్లో మునిగి తలలు మాత్రం పైకి పెట్టి, బావిలో పడ్డవాళ్ళలా గోడ గడియారం వంక చూస్తున్నారు.

పది గంటల పది నిమిషాలు. ఐదు నిమిషాలకి ఒక సెంటీమీటరు పోతుందనుకున్నా గంటకి పన్నెండు. ఆరు నెలల సంపాదన గంటలో మాయం. దుకాణంలో సరుకు తడవకుండా, ఎలక కొట్టకుండా ఎన్ని జాగ్రత్తలు పడ్డాడు, ఈ సరుకు మాత్రం ఊరికే కూర్చుంటే పాడైపోతుంది. మొదట్లో ఇది తెలియకే కదా పదకొండు పరుపులు మార్చాడు. నడుము నొప్పి అనగానే ఇంకొకడైతే వైద్యుడి దగ్గరికి పోతాడు, పరుపుల వ్యాపారి మాత్రం గోడౌనుకి పోయాడు. మెత్తనిది వేశాడు, నొప్పి. గట్టిది వేశాడు, ఇంకా నొప్పి. స్ప్రింగులది, రబ్బరుది, దూదిది, కింద చెక్క పెట్టి ఒకటి, చెక్క తీసి ఒకటి. పొద్దున లేచేసరికి వీపు పలకలా బిగుసుకుని ఉండేది, దొర్లి, పాకి, మంచం కోడు పట్టుకుని నిలబడేసరికి అరగంట. రెండేళ్ళు అలా గడిచాయి. రెండు నెలలకో పరుపు ఇంట్లోకి రావడం, పాతది బయటికి పోవడం చూసి, ఇరుగుపొరుగు వీళ్ళ ఇంట్లోనే పరుపుల తయారీ మొదలుపెట్టారనుకున్నారు. ప్రతి పరుపు మీదా భార్య మాత్రం హాయిగా నిద్రపోయింది. పదకొండోది దింపుతున్నప్పుడు ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏమండీ, ఇన్ని పరుపులూ తప్పు చేసినవేనా? మీ వీపొక్కటే ఏ పాపం ఎరగదా?" అంది. ఆ మాటకి అతనికి కోపం వచ్చింది. కోపం వచ్చిందంటే ఎక్కడో తగిలినట్టే. బేరంలో ఎదుటివాడు సరైన ధర చెప్పినప్పుడు వచ్చే కోపం అది.

అలా వచ్చి పడ్డాడు ఈ డాక్టరమ్మ చేతిలో. ఫోటోలు తీయించింది, రక్తం తీయించింది, చివరికి కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఇది వాపుతో వచ్చే వెన్నెముక కీళ్ళవాతం అండీ. ఒంట్లో కాపలా కాయాల్సిన శక్తి దారి తప్పి సొంత కీళ్ళ మీదే పడుతుంది. ఊరుకుంటే పూసకీ పూసకీ మధ్య ఎముక అతుక్కుపోవచ్చు. మందులు నేనిస్తాను. కదలడం మాత్రం మీరే కదలాలి" అంది. అతను, "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుంటే?" అని అడిగాడు. "విశ్రాంతే మీకు పడదు" అంది ఆవిడ. దుకాణం బోర్డు మీద రెండడుగుల అక్షరాలతో రాయించింది అదే మాట, విశ్రాంతి. ఇరవై ఏళ్ళుగా చేటలతో అమ్మిన సరుకు తనకి పడదట. మిఠాయి దుకాణం వాడికి చక్కెర జబ్బు వస్తే ఊరంతా జాలిపడుతుంది. పరుపులవాడికి పడుకుంటే పెరిగే రోగం వచ్చిందంటే నవ్వకుండా ఉండేవాడెవడు? అందుకే తమ్ముడికీ భార్యకీ తప్ప నోరు విప్పలేదు. డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు దిండ్ల గలీబులు పెట్టే అరలో దాచాడు.

దాస్తే దాగేదా. వీపు ముందుకి వంగుతూనే ఉంది. కానీ వ్యాపారంలో చిత్రాలుంటాయి. ఆ వంగడం చూసి కొనేవాళ్ళు మురిసిపోయారు. "ఎంత వినయం అండీ ఈయనకి!" అని ఒకావిడ తన చుట్టాలని వెంటబెట్టుకుని వచ్చి మరీ చూపించింది. అతను లోపల పళ్ళు బిగబట్టి, పైకి చిరునవ్వు పెట్టి, అలాగే వంగి ఉండేవాడు, నిటారుగా అవ్వడం చేతకాక. ఆ ఏడాది అమ్మకాలు పెరిగాయి. ఇప్పుడు కరాటే పుణ్యమా అని వీపు కాస్త లేస్తూంటే పాత ఖాతాదారొకాయన వచ్చి, "ఏం, మా మీద ఏమైనా కోపమా?" అని అడిగాడు. ఒంటికి లాభం వస్తే దుకాణానికి నష్టం. రెండు దస్త్రాలూ ఒకేసారి సరిపోవడం అతను ఇంతవరకూ చూడలేదు.

"ఆరో నంబరు!" నర్సమ్మ కేక. ఎవరో గుంటలోంచి మూడు విడతల్లో లేచి లోపలికి పోయారు. పది గంటల ఇరవై రెండు. వీపు కింది భాగంలో ఎవరో మేకు కొట్టి పురి పెడుతున్నట్టుంది. మొదటి హెచ్చరిక అది, తెలుసు.

తమ్ముడు నవ్వలేదు, అది ఒప్పుకోవాలి. తమ్ముడికి నవ్వడం రాదు. గోడౌనులో సరుకు ఎక్కించడం, దింపడం, చీటీలు రాయడం వాడి పని, ముందు గదిలో మాట్లాడ్డం ఇతని పని, ఇరవై ఏళ్ళుగా అదే వాటా. కొనేవాళ్ళ ముందు పరుపు మీద పడుకుని చూపించడం కూడా ఇతని పనే. పడుకోవాలి, కళ్ళు సగం మూయాలి, చిన్న నిట్టూర్పు విడవాలి, మళ్ళీ దిగ్గున లేచి నిలబడాలి. పరుపు గుణం పడుకోవడంలో లేదు, లేవడంలో ఉందని అతను అందరికీ చెప్పేవాడు. ఒకనాడు పెళ్ళికొడుకు తండ్రి ఒకాయన చూస్తూండగా పడుకున్నాడు, కళ్ళు మూశాడు, నిట్టూర్చాడు. లేవలేకపోయాడు. తల ఎత్తితే నడుము రాదు, నడుము తిప్పితే ఊపిరి రాదు. అరనిమిషం అయింది. ఒక నిమిషం అయింది. నవ్వు మాత్రం మొహం మీద అలాగే అంటించి పెట్టుకున్నాడు. పెళ్ళికొడుకు తండ్రి వంగి చూసి, "అబ్బో, అమ్మేవాడికే లేవబుద్ధి కావట్లేదు, ఇంకేం కావాలి, రెండు కట్టండి" అన్నాడు. తమ్ముడు వచ్చి చంకల కింద చేతులు వేసి, బస్తా లేపినట్టు లేపాడు. ఆయన వెళ్ళిపోయాక వాడు తలుపు దగ్గరికి వేసి, "అన్నయ్యా, ఇవాళ కొన్నారు. రేపు తెలిస్తే నవ్వుతారు. నిన్ను చూసి నవ్వితే నేను తట్టుకోలేను. నువ్వు గోడౌన్లో కుర్చీ వేసుకుని కూర్చో, ముందు సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. ప్రేమతో అన్నమాట కాబట్టే ఎక్కువ గుచ్చుకుంది. ఆ ఊపులో ఇతను నోరు జారాడు. "ఆరు నెలలు గడువియ్యి. డాక్టరమ్మ కొలిచిన మూడు కొలతలూ మెరుగు పడాలి. ఒక్కటి పడకపోయినా నేనే తాళాలు పట్టుకుని గోడౌనుకి పోతా" అన్నాడు. వ్యాపారి ఎవడైనా తన చేతిలో లేని సరుకు మీద మాట ఇస్తాడా? ఎముక మీద మాట ఇచ్చాడు. ఎముక ఇతన్ని అడిగి పెరుగుతుందా, ఆగుతుందా.

మాట ఇచ్చాక ఏదో ఒకటి చెయ్యాలి కదా. డాక్టరమ్మ ఈత అంది, అతనికి నీళ్ళంటే భయం. నడక అంది, నాలుగు రోజులు నడిచి ఐదో రోజు మానేశాడు, నడకలో ఎదుటివాడు లేడు. ఎదుటివాడు లేని పని అతనికి సాగదు. ఇరవై ఏళ్ళు ఎవడో ఒకణ్ణి ఎదురుగా పెట్టుకుని బతికాడు. అప్పుడు గుర్తొచ్చింది, దుకాణానికి రెండు గుమ్మాల అవతల బట్టలు ఉతికే దుకాణం మేడ మీద కరాటే నేర్పుతారు. డాక్టరమ్మని అడిగితే ఆలోచించి, "దెబ్బలు తగలకూడదు, కింద పడకూడదు, మెడ మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. మిగతాది చెయ్యండి, మంచిదే, వెన్ను తిరుగుతుంది, ఊపిరి ఆడుతుంది" అని ఆ షరతులన్నీ కాగితం మీద రాసిచ్చింది. మేడ మీద నేర్పేది అరవై దాటిన ఆవిడ. ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి దిగింది. బస్సులో చెయ్యి తిన్నగా పెట్టుకోని వాళ్ళ కోసం నేర్చుకుని, చివరికి నల్ల పట్టీ దాకా పోయిందట. ఇక్కడ ఆడా మగా లేదు, మాస్టారనే పిలవాలి అంటుంది. డాక్టరమ్మ కాగితాన్ని టికెట్టు చూసినట్టు అటూ ఇటూ తిప్పి, గట్టిగా చదివింది. "ఇతన్ని కొట్టకూడదు. పడెయ్యకూడదు. మెడ ముట్టుకోకూడదు. ఇంకేం మిగిలింది నాయనా? గాలి. సరే, గాలిని కొట్టు."

కొట్టాడు. నాలుగు నెలలు గాలిని కొట్టాడు, గాలి ఏనాడూ తిరిగి కొట్టలేదు, అయినా ప్రతిసారీ ఇతనే ఓడిపోయి ఇంటికి వచ్చేవాడు. తెల్లబట్టలు వేసుకుని అద్దంలో చూసుకుంటే అచ్చం కవరు తొడిగిన పరుపులా ఉన్నాడు, నడుం దగ్గర తాడు కూడా కట్టారు. కాళ్ళు ఎడంగా పెట్టి గుర్రం మీద కూర్చున్నట్టు గాలిలో కూర్చోమంటుంది మాస్టారు. కూర్చుంటే, "ఇంకా కిందికి! ఖాళీ ఉంది, కిందికి జరగండి!" అని బస్సులో కేక. చెయ్యి ముందుకి గుద్దితే, "ముందుకి! ముందుకి జరగండి!" నడుము తిప్పి వెనక్కి చూడమంటుంది, చూడ్డానికి మెడ రాకపోతే ఒళ్ళంతా తిప్పేవాడు, "మొత్తం బస్సు తిప్పకు నాయనా, అద్దంలోంచి చూడు" అనేది. తరగతిలో మిగతావాళ్ళు రొట్టెల దుకాణం ఆవిడ, తపాలా గుమాస్తా, గడియారాలు బాగుచేసే అన్నదమ్ములు. అందరూ పని మొదలుకాకముందు వచ్చి చెమటలు కక్కి పోయేవాళ్ళు. మొదటి రోజు లోపలికి వస్తూ అందరూ వంగి దణ్ణం పెట్టారు. ఇతను అప్పటికే వంగి ఉన్నాడు కాబట్టి నిలబడ్డచోటే నిలబడ్డాడు. మాస్టారు చూసి, "వంగడం తర్వాత నేర్పుతా. నీకు ముందు లేవడం నేర్పాలి" అంది.

అన్నిటికన్నా అన్యాయం ఆ అరుపు. గుద్దు చివర పొట్టలోంచి అరవాలట. అరిస్తే ఊపిరి పూర్తిగా బయటికి పోయి, మళ్ళీ లోపలికి నిండుగా వస్తుందట, డాక్టరమ్మ కూడా దానికి తల ఊపింది. కానీ ఇతని వృత్తి ఏమిటి? గుసగుస. పరుపుల దుకాణంలో గొంతు పెంచకూడదు. గొంతు పెంచితే నిద్ర పారిపోతుంది, నిద్ర పారిపోతే కొనేవాడూ పారిపోతాడు. ఇరవై ఏళ్ళుగా జోల పాడినట్టు మాట్లాడి మాట్లాడి, పొట్టలోంచి అరవమంటే ఎవరో తలుపు చాటునుంచి దగ్గినట్టు వచ్చింది. "ఆ గొంతుతో టికెట్టు అడిగితే ఆఖరి స్టాపు దాకా ఒక్కడూ ఇవ్వడు" అంది మాస్టారు. రొట్టెల దుకాణం ఆవిడ పక్కనుంచి, "అన్నయ్యగారూ, మిమ్మల్ని బాగా ఏడిపించినవాణ్ణి ఎవణ్ణయినా తలుచుకోండి" అని సలహా ఇచ్చింది. తలుచుకున్నాడు. అప్పులవాళ్ళూ గుర్తు రాలేదు, శత్రువులూ గుర్తు రాలేదు. మూడు గంటలు ప్రతి పరుపు మీదా పడుకుని చూసి, మధ్యలో టీ తెప్పించుకు తాగి, చివరికి ఒక దిండు గలీబు రంగు అడిగి, ఆ రంగు లేదనగానే చేతులు దులుపుకుని వెళ్ళిపోయిన పొడుగాటి మనిషి గుర్తొచ్చాడు. అంతే. వచ్చింది అరుపు. కింద బట్టలు ఉతికే దుకాణంలోంచి ఎవరో ఏమైందో చూడ్డానికి మేడ మీదికి పరిగెత్తుకొచ్చారు. మాస్టారు చేతులు కట్టుకుని, "ఆ, ఇప్పుడు బస్సు ఆగింది" అంది. ఆ రోజు ఇంటికి పోతూంటే ఛాతీలో ఎప్పుడూ తెరవని గది ఒకటి తెరిచినట్టు గాలి లోపల తిరిగింది. ఆ గదిలో ఏం సరుకు పెట్టుకోవచ్చో అని ఆలోచించాడు. అలవాటు.

"ఏడో నంబరు!" చేతికర్ర పెద్దాయన. పది గంటల నలభై. ఇక లాభం లేదు. తుంటి కీలు దగ్గర మేకు పూర్తిగా దిగింది, భుజాలు చెవుల దగ్గరికి చేరుతున్నాయి, ఆరు నెలలుగా కూడబెట్టింది గుంటలోకి ఇంకిపోతోంది. సోఫా చెయ్యి పట్టుకుని లేచాడు.

"కూర్చోండి సార్, మీ నంబరు ఇంకా రాలేదు" అంది నర్సమ్మ.

"ఊరికే, కాళ్ళు పట్టేశాయమ్మా."

"అందరికీ పట్టేస్తాయి. అందరూ లేస్తే దారుండదు. కూర్చోండి."

ఇంత పెద్దవాడు, కూర్చోకపోతే బాగుండదు, కూర్చుంటే బతుకుండదు. గోడ మీద చేతులు ఎలా కడుక్కోవాలో చెప్పే పటం ఒకటి ఉంది. దాని దగ్గరికి పోయాడు. చదువుతున్నవాణ్ణి ఎవరూ కూర్చోమనరు. పై వరస చదివాడు, రెండో వరసకి కాళ్ళు కాస్త ఎడంగా పెట్టాడు, ఆఖరి వరస చదివేసరికి పూర్తిగా గుర్రం మీద కూర్చున్నాడు. ఆఖరి వరసలో చేతులు తుడుచుకోవలెను అని ఉంది. దాన్ని రెండు నిమిషాలు చదివాడు. తొడలు వణుకుతున్నాయి, వెన్ను కాస్త నయం, కానీ వంగడానికి సాకు కావాలి. నేలని అందుకోవాలి. నేల మీద చదవడానికి ఏమీ లేదు. అప్పుడు తట్టింది. చొక్కా తడుముకుని, "అరెరె" అని కిందికి వంగి వెతకడం మొదలుపెట్టాడు.

"ఏం పడిపోయిందండీ?" అల్లిక సంచి ఆవిడ.

"గుండీ." నోటికి వచ్చింది చెప్పాడు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ గంటనుంచి గడియారం చూసి విసిగిపోయిన జనం. అల్లిక సంచి ఆవిడ సంచి పక్కన పెట్టి లేచి, సోఫా కింద చెయ్యి పోనిచ్చింది. టై ఆయన, "ఏ రంగు?" అని అడిగి, టై భుజం మీదికి వేసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మూలనున్న దంపతులు చెరో పక్కనుంచి వెతుక్కుంటూ వచ్చి మధ్యలో తలలు కొట్టుకున్నారు. "అబ్బా" అని ఒకరు, "అమ్మోయ్" అని ఒకరు, "ఇటువైపు చూశారా?" అని ఇంకొకరు. మూలుగులూ సూచనలూ కలిసిపోయి గది సంతలా అయింది. నర్సమ్మ కూడా బల్ల వెనకనుంచి వచ్చి, "ఎక్కడ నిలబడ్డారు సార్ మీరు? అక్కడే చూడండి" అని తనూ వంగింది. ఇంతమంది ఇతని కోసం వంగుతూంటే ఇతను ఎలా నిలబడతాడు? అందరికన్నా ఎక్కువసార్లు వంగాడు. ఎడమకి తిరిగి వంగాడు, కుడికి తిరిగి వంగాడు, మాస్టారు నేర్పిన పద్ధతిలో ఊపిరి వదుల్తూ వంగాడు. పాపం మంచివాళ్ళు, లేని గుండీ కోసం ఉన్న నడుములు విరగ్గొట్టుకుంటున్నారు, ఇక చాలు, పోనిద్దాం అని చెప్దామని నోరు తెరిచాడు. అంతలో అల్లిక సంచి ఆవిడ సోఫా సందులోంచి చెయ్యి బయటికి లాగి, "దొరికింది!" అని కేక పెట్టింది. ఆవిడ వేళ్ళ మధ్య నల్లటి కోటు గుండీ, ఏనాటిదో. ఇతని చొక్కా గుండీలన్నీ తెల్లవి, అన్నీ చొక్కాకే ఉన్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. తీసుకుని కళ్ళకద్దుకుని జేబులో వేసుకున్నాడు. అంతకన్నా ఏం చెయ్యగలడు?

టై ఆయన ఎనిమిదో నంబరు. లోపలికి పోయి బయటికి వస్తూంటే డాక్టరమ్మ మాట వెనకే వినిపించింది. "ఇవాళేమిటో పోయినసారి కన్నా హాయిగా వంగారు. ఏం చేస్తున్నారో అదే చెయ్యండి." టై ఆయన ఏం చేస్తున్నాడో ఆయనకే తెలియక, ఆలోచించుకుంటూ వెళ్ళిపోయాడు.

తొమ్మిది. గోడకి ఆనించి నిలబెట్టింది. మడమలు, వీపు, గడ్డం కిందికి. తల వెనక ఎక్కడో గోడ ఉంది, చల్లగా, అందకుండా. ఇన్నాళ్ళూ రోజూ ఇంట్లో తలుపు వెనక ఇలా నిలబడి, ఇవాళ దగ్గరికి వచ్చిందా, రేపు వస్తుందా అని చూసుకున్నాడు. టేపు చివర చల్లగా మెడకి తగిలింది. ఆవిడ రాసుకుంది. "వంగండి." వంగాడు. "ఊపిరి పూర్తిగా వదిలి, పీల్చండి. ఇంకా. ఇంకా." ఖాళీ ఉంది, ఖాళీ ఉంది, అని మాస్టారు లోపలినుంచి కేకలు వేసింది. పీల్చాడు. కొలిపించుకోవడం కన్నా ఇంకోటి లోపల తొలుస్తోంది. షోరూములో పెట్టే ముందు దూది పరుపుని కర్రతో కొట్టి ఉబ్బించి పెడతారు, కొన్నవాడు ఇంటికి తీసుకుపోయిన వారానికి అది అప్పడంలా అవుతుంది. ఆ పని అతను ఏనాడూ చెయ్యలేదు. ఇవాళ తనని తాను కొట్టి ఉబ్బించుకుని తెచ్చాడు. కొలత తప్పుగా ఇచ్చి గెలిచిన బేరం ఇంటికి తీసుకుపోలేడు.

"డాక్టరమ్మా, ఒక మాట. నేను బయట ఊరికే కూర్చోలేదు. ఇరవై నిమిషాలు వంగుతూ లేస్తూ ఉన్నాను. ఆ కొలతలో కొంత కల్తీ ఉంటుంది." గుండీ సంగతి కూడా చెప్పేశాడు. జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

ఆవిడ పెన్ను కింద పెట్టి, నవ్వి నవ్వి కళ్ళద్దాలు తుడుచుకుంది. "కల్తీ లేదండీ. అతుక్కుపోయిన ఎముక గుండీ కోసం వంగదు, ఉంగరం కోసం వంగదు. ఇరవై నిమిషాల్లో వదులయిందంటే వదులవడానికి ఇంకా ఉందన్నమాట. పోయిన నవంబరులో ఇదే గదిలో అరగంట పాటు అటూ ఇటూ తిప్పినా మీ చెయ్యి మోకాలు దాటి పెద్దగా దిగలేదు, గుర్తుందా? రోజూ చేసినవాడికే ఇరవై నిమిషాల్లో వస్తుంది." కాగితం ఇటు తిప్పింది. "ఛాతీ రెండున్నర ఉండేది, నాలుగు. వేళ్ళు ముప్ఫై ఎనిమిది ఉండేవి, పంతొమ్మిది. గోడకీ తలకీ మధ్య ఏడు. అది మారలేదు."

"మారలేదా?"

"మారలేదు. పెరగలేదు కూడా. ఈ జబ్బులో అది పెరగకుండా ఆగడం చిన్న సంగతి కాదు. మందులు ఇవే వాడండి, మానకండి. మీ మాస్టారికి నా నమస్కారాలు చెప్పండి."

బయటికి వచ్చాడు. మెట్ల దగ్గర నిలబడి గోడవైపు చూశాడు. ఏడు. మూడూ మెరుగు పడాలన్నాడు, రెండే పడ్డాయి. తమ్ముడు అడగలేదు, తనే అన్నాడు, ఒక్కటి పడకపోయినా అని కూడా తనే అన్నాడు. ఎవరైనా వ్రాసుకున్నారా? వ్రాసుకోలేదు. ఇరవై ఏళ్ళలో నోటిమాట తప్పలేదు, ఇప్పుడు తప్పితే తమ్ముడి దగ్గరే తప్పాలా? గోడౌను అంత చెడ్డదేం కాదు. చల్లగా ఉంటుంది. కిటికీ లేదు. మాట్లాడ్డానికి మనిషి ఉండడు. రోజంతా కుర్చీ. కుర్చీ అనుకోగానే నడుములో చలి పుట్టింది. ఫోను తీసి కలిపాడు.

"ఏమంది?" తమ్ముడు. వెనక ఎవరివో మాటలు.

"రెండు బాగుపడ్డాయిరా. గోడది పడలేదు. ఏడు, అలాగే ఉంది. తాళాలు నేనే వచ్చి తీసుకుంటాలే."

"ఏ తాళాలు?"

"గోడౌనువి. మాటంటే మాటే కదా."

"అన్నయ్యా, నువ్వు గోడకి అంటుకుంటే ఎంత, అంటుకోకపోతే ఎంత? గోడ మీద పరుపులు అమ్ముతామా మనం?" తమ్ముడి గొంతు తగ్గింది. "ఇంకో సంగతి చెప్పనా, కోప్పడకు. పొద్దున్నుంచి నేనే ముందు గదిలో ఉన్నా. ఒకాయన వచ్చి ఏ పరుపు మీద బాగా నిద్ర పడుతుందని అడిగాడు. పరుపుకీ నిద్రకీ సంబంధం లేదండీ, ఒళ్ళు అలిసేలా పనిచేస్తే అదే పడుతుంది అన్నా. వెళ్ళిపోయాడు. ఇంకొకావిడ ఈ రెంటికీ తేడా ఏమిటంటే ధర అన్నా. ఆవిడా వెళ్ళిపోయింది. ఇప్పుడొకరు పడుకుని చూపించమంటున్నారు. నాకు సిగ్గు. నువ్వెప్పుడొస్తావు?"

అతనికి నవ్వు వచ్చింది. నవ్వితే ఛాతీ మొత్తం కదిలింది, ఎక్కడా పట్టెయ్యలేదు. "నువ్వు ముందు ఆ పరుపు పక్కనుంచి తప్పుకో. ఏమీ మాట్లాడకు. టీ తెప్పించు. పది నిమిషాల్లో ఉంటా."

మెట్లు దిగుతూ లెక్క చూసుకున్నాడు. ఛాతీకి ఒకటిన్నర సెంటీమీటర్లు లాభం. వేళ్ళకి పంతొమ్మిది. గోడ దగ్గర లాభం లేదు, నష్టం లేదు. పోయింది వినయవంతుడన్న పేరు. తమ్ముడు మూడోదాన్ని అడక్కుండానే కొట్టివేశాడు, దాన్ని ఏ పద్దులో వెయ్యాలో తెలియలేదు, విడిగా రాసుకున్నాడు. చివరి మెట్టు దిగాక చూసుకుంటే, పక్కనున్న కమ్మీ పట్టుకోకుండానే దిగాడు. అదీ జమే.